మిషను బరువే చాలు

వెనక షెడ్డు,
ఎండలు ముదిరిన వారం

నట్టూ,

ఇక్కడ మనుషులందరం క్షేమం. మిషను ఒక్కటే క్షేమంగా లేదు.

నువ్విచ్చిన బ్యాటరీ శాండరు సంగతి చెప్తున్నాను. చెక్క నునుపు చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి ఆగిపోతోంది. కాసేపు పక్కన పెడితే తిరుగుతుంది, మళ్ళీ ఆగుతుంది. అలిగిన అల్లుడిలా ఎంత బతిమాలితే అంత బిగుసుకుంటోంది. తిరిగినంతసేపైనా బుద్ధిగా తిరుగుతుందా అంటే అదీ లేదు. చెక్క మీద చిన్న చిన్న సున్నాలు చుట్టి పోతోంది. వెలుతురుకి తల వంచి చూస్తే పలకంతా కోడి కెలికినట్టుంది.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఇన్నేళ్ళు రంపం పక్కన నిలబడ్డ చెవులు నావి. ఫోన్లో నీ గొంతూ మోటారు మోతా ఒక్కలాగే వినిపిస్తాయి. మీ వదిన మధ్యలో నిలబడి నువ్వన్నది నాకూ నేనన్నది నీకూ అరిచి చెప్పేలోపు అసలు విషయం చల్లారిపోతుంది. ఉత్తరమే మేలు.

ఒక పార్టీ ఆర్డరిస్తే భోజనాల బల్ల చేస్తున్నాను. కాళ్ళు అయిపోయాయి, చట్రం అయిపోయింది. పై పలక ఒక్కటే మిగిలింది, అది అద్దంలా రావాలి. ఏం చేయాలో త్వరగా రాయి. పేరుమోసిన మెకానిక్కు చెల్లెలుండగా అన్నయ్య గరుకు కాగితం చేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడంటే నీకే నామర్దా.

అన్నయ్య


రిపేరు కౌంటరు,
జనం లేని మధ్యాహ్నం

అన్నయ్యా,

నీ ఉత్తరం కౌంటరు దగ్గర చదువుతుంటే, నట్టు అంటే ఎవరని ఒక కస్టమరు అడిగాడు. నేనేనన్నాను. చిన్నప్పుడు నాన్న డ్రిల్లు విప్పి మళ్ళీ బిగించాక ఎప్పుడూ ఒక నట్టు నా చేతిలో మిగిలిపోయేది, మా అన్నయ్య ఆ పేరు ఖాయం చేశాడని చెప్పాను. "ఇప్పుడూ మిగులుతున్నాయా అమ్మా?" అని అడిగాడు. అతని గ్రైండరు వారం ఆలస్యంగా ఇస్తాను.

నీకు మిషను గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా అడిగావు గనక విను. ముందు బ్యాటరీ తీసెయ్. తీయకుండా అడుగున తిరిగే ప్యాడ్ మీద చెయ్యి పెట్టావంటే నీకూ నాకూ పడదు. బ్యాటరీ కూర్చునే చోట రాగి నాలుకలుంటాయి. వాటి మీద చెక్కపొడి పేరుకుని ఉంటుంది. పెన్సిలు రాతలు చెరిపే రబ్బరుతో రుద్ది, పొడి బ్రష్షుతో దులుపు. తర్వాత రెండో బ్యాటరీ వేసి చూడు. అదీ అలాగే ఆగితే తప్పు బ్యాటరీది కాదు.

సున్నాల సంగతి వేరు. ప్యాడ్ కింద కాగితం అతుక్కోవడానికి బొచ్చులాంటిది ఉంటుంది కదా, అది అరిగిపోతే కాగితం జారుతుంది. కాగితం చిల్లులు ప్యాడ్ చిల్లుల మీద సరిగ్గా కూర్చోకపోయినా పొడి బయటికి పోక అక్కడే నలిగి గీతలు పెడుతుంది. డస్టు డబ్బా నిండిపోయిందేమో అదీ చూడు. నీకు డబ్బా ఖాళీ చేసే అలవాటు ఎప్పుడూ లేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోకుండా రాయి. మిషను ఆగగానే బ్యాటరీ ముట్టుకుని చూడు, చల్లగా ఉందా, కాలుతోందా. వేడెక్కితే తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు లోపల ఉంటుంది. నాకు కావలసింది ఆ జవాబే.

వదిన చేతి నొప్పి ఎలా ఉంది? నిన్ను భరిస్తున్నందుకు ఆమెకి నా నమస్కారాలు.

చెల్లెలు


వెనక షెడ్డు,
మొదటి వాన

నట్టూ,

చెప్పినవన్నీ చేశాను. రాగి నాలుకలు పక్కింటి పిల్ల దగ్గర రబ్బరు అరువు తెచ్చి రుద్దాను, తళతళలాడుతున్నాయి. రెండో బ్యాటరీ వేసినా అదే వరస. డబ్బా ఖాళీ చేశాను, ఈ సంగతి గోడ మీద రాసుకో. ఆగినప్పుడు బ్యాటరీ ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

ప్యాడ్ సంగతి నువ్వన్నదే. బొచ్చు మైనంలా కరిగి నున్నగా అయిపోయింది. నువ్వు మిషనుతోపాటే పెట్టెలో పెట్టిచ్చిన రెండో ప్యాడ్ బిగించాను. ఈ మధ్య స్క్రూలు మరీ చిన్నవి చేస్తున్నారు నట్టూ. పట్టుకుందామంటే జారి కింద పడతాయి, వెతికి తీస్తే మళ్ళీ జారతాయి. మీ వదిన అయస్కాంతం పట్టుకుని నేలంతా తిరిగింది. "మీకంటే నేనే నయం" అని చివరికి తనే బిగించింది. ఆ కొత్త ప్యాడ్ కూడా వారం తిరక్కుండా కరగడం మొదలుపెట్టింది.

ఇంకో మాట. ఇదివరకు పట్టుకుంటే జుమ్మని మోచేతి దాకా పాకేది. ఇప్పుడు మిషను చేతిలో ఉన్నట్టే లేదు. లోపల బలం తగ్గింది. వేగం పెంచే ఉపాయమేదైనా ఉంటే రాయి.

అన్నయ్య


రిపేరు కౌంటరు,
వాన వెలిశాక

అన్నయ్యా,

వేగం పెంచడమా! నీ వయసుకి అవసరమా?

నువ్వు రాసిన రోగాలన్నీ ఒక్క తల్లి పిల్లలే. మిషనుని నొక్కితే వస్తాయి. పైనుంచి బరువేస్తే ప్యాడ్ గుండ్రంగా తిరగడం మానేసి ఉన్నచోటే ఊగుతుంది, అందుకే సున్నాలు. రాపిడికి బొచ్చు కరుగుతుంది. మోటారు లాగలేక బ్యాటరీ వేడెక్కి ఆగిపోతుంది. నాకు అర్థం కానిది ఒక్కటే. నువ్వు బ్యాటరీ చల్లగా ఉందన్నావు. అది మాత్రం లెక్కకి అందడం లేదు.

నొక్కుతున్నది నువ్వైతే కాదు, అది నాకు తెలుసు. "మిషను బరువే చాలు, నీ బరువు ఇంట్లో పెట్టి రా" అనేవాడు నాన్న. ఆ మాట నాకు రోజూ అప్పజెప్పింది నువ్వే. నా చెయ్యి మీద నీ చెయ్యి వేసి, పిచ్చుకని పట్టుకున్నట్టు పట్టుకోవాలని చూపించావు. నీది ఊళ్ళోకెల్లా తేలిక చెయ్యి. మరి ఎవరికి అరువిచ్చావు? నిజం చెప్పు. ఒకవేళ నువ్వే అయితే మాత్రం, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మహానుభావా!

చెల్లెలు


వెనక షెడ్డు

నట్టూ,

పక్కింటి పెయింటరు తలుపులు గీక్కోవడానికి అడిగితే ఇచ్చాను. అతనిది మొరటు చెయ్యి. ఇక ఇవ్వను.

అయినా లోపల ఏదో పోయిన మాట నిజం. మిషనూ, రెండు బ్యాటరీలూ పార్సెల్లో పంపిస్తున్నాను. విప్పి చూసి బాగుచేసి పంపు. పార్టీ తొందరపెడుతున్నాడు.

అన్నయ్య


రిపేరు కౌంటరు,
ముసురు పట్టిన రోజు

అన్నయ్యకు,

పార్సెల్ చేరింది. మిషను విప్పి చూశాను. ప్యాడ్ పైన ఉండే 608 నంబరు బేరింగు అరిగిపోయింది. అది ఇక్కడ దొరకడం లేదు. కంపెనీ నుంచి తెప్పించాలి, ఎప్పటికి వస్తుందో చెప్పలేను. మిగతా అంతా బాగానే ఉంది.

అంతవరకు నువ్వు విశ్రాంతి తీసుకో. వేరే మిషన్లు కూడా ముట్టుకోకు. పొయ్యి దగ్గర గిన్నెలు చూసి పట్టుకో. పార్టీకి ఆలస్యమవుతుందని చెప్పు.

డస్టు డబ్బాలో మిగిలిన పొడి వాసన చూశాను. ఎక్కడో బాగా తెలిసిన వాసన, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఏం చెక్క అది? వదినని అడిగానని చెప్పు.

చెల్లెలు


వెనక షెడ్డు,
ముసురు ఇక్కడా వదల్లేదు

నట్టూ,

నీ ఉత్తరం చదివి, మళ్ళీ చదివాను. ఎక్కడా ఒక్క వెటకారం లేదు. పైన 'అన్నయ్యకు' అని ఉంది, కరెంటు ఆఫీసుకి రాసినట్టు.

608 బేరింగు దొరకడం లేదా? వీధి చివర సైకిలు షాపులో అడిగాను. "పిల్లల చక్రాల బూట్లలో వేసేదేగా" అని గుప్పెడు తీసి నా ముందు పోశాడు. అబద్ధం చెప్పేటప్పుడైనా నంబరు రాయకుండా ఉండలేవు నువ్వు. చిన్నప్పుడు కూడా అంతే. నాన్న డ్రిల్లు పాడుచేసిందెవరంటే "నేను కాదు" అని, వెంటనే "లోపల స్ప్రింగు ఒకటే విరిగింది" అనేదానివి.

విశ్రాంతి తీసుకోమన్నావు. పొయ్యి దగ్గర చూసి పట్టుకోమన్నావు. నీకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో అది చెప్పు చాలు.

అన్నయ్య


రిపేరు కౌంటరు

అన్నయ్యా,

మిషను క్షేమం. నువ్వు కాదు.

బేరింగు పార్సెల్ వచ్చిన రోజే మార్చేశాను. నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. ఇప్పుడు నా బల్ల మీద చీకూ చింతా లేకుండా తిరుగుతోంది. మీ పెయింటరుకి వేళ్ళన్నీ ఉన్నాయి కదా? మిషను నెత్తిమీద రబ్బరు నలిగి గుంటలు పడింది. ఎడమవైపు మూడు గుంటలు పొడుగ్గా ఉన్నాయి, చూపుడువేలుది సగమే ఉంది. ఆ రెండో సగం నీకు పెళ్ళికాకముందు పెద్ద రంపం తినేసింది. నాకు తెలియదనుకున్నావా? గుడ్డ చుట్టింది నేనే.

అవే గుంటల్లో నా వేళ్ళు పెట్టి, అవి నలిగినంతగా నొక్కి నడిపి చూశాను. అంత నొక్కడానికి నా భుజం పీకింది. కాసేపటికి మిషను ఆగిపోయింది. బ్యాటరీ ముట్టుకుంటే చురుక్కుమని చెయ్యి లాగేసుకున్నాను. నువ్వు చల్లగా ఉందని రాశావు. కౌంటరు వదిలేసి లోపలికి వెళ్ళి ఏడ్చాను అన్నయ్యా. బయట కస్టమరు గంట కొడుతూనే ఉన్నాడు.

స్క్రూలు చిన్నవి కాలేదు. మిషనులో బలం తగ్గలేదు. నీకు తెలియడం లేదు గనకే నొక్కుతున్నావు, తెలిసేదాకా నొక్కుతున్నావు. ఇదంతా నాలుగు ఉత్తరాల కిందటే నాకు అర్థం కావాలి. రోజంతా మిషన్లు విప్పేదాన్ని, మిషను గురించే అడిగాను. పైగా ఆ పాడు సామెత ఒకటి.

ఈ శాండరు నీకిచ్చింది నేనే. వైరు అడ్డం ఉండదు, పొద్దంతా ఆపకుండా చేసుకోవచ్చని గొప్పలు చెప్పి మరీ ఇచ్చాను. ఇక పంపను. నన్ను ఎంత తిట్టినా పంపను. డాక్టరుకి చూపించావా? వదినకి తెలుసా?

చెల్లెలు


వెనక షెడ్డు,
ఎండ వచ్చింది

నట్టూ,

నీ ఉత్తరం మీ వదినకి నేనే చదివి వినిపించాను. ఆమెకీ అప్పుడే తెలిసింది.

పొద్దున లేచేసరికి వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడి ఉంటాయి. తర్వాత సూదులు గుచ్చినట్టుంటుంది, అది నయం, ఉన్నాయని తెలుస్తుంది. ఆపైన ఏమీ ఉండదు. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే అద్దం ముందు నిలబడాలి, కంటితో చూస్తే తప్ప వేలెక్కడుందో తెలీదు. చేతిలో గ్లాసులు జారి పగిలితే మీ వదిన "ధ్యాస ఎక్కడ పెట్టుకుంటారు?" అని కేకలేసేది. నిజం చెప్పడం కన్నా తిట్లు తినడమే తేలికనిపించి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నీ ఉత్తరం విన్నాక, "ముందే చెప్తే నేను గ్లాసుల కోసం అరిచేదాన్నా?" అని ఏడ్చింది. సాయంత్రం బజారుకెళ్ళి స్టీలు గ్లాసులు కొనుక్కొచ్చింది. అవి కింద పడితే పగలవు గానీ, మోత మాత్రం నా చెవులకే వినిపించేంత ఉంది.

డాక్టరు దగ్గరికి ఆమే లాక్కెళ్ళింది. కళ్ళు మూసుకోమని, చేతి మీద ఏం పెట్టానో చెప్పమన్నాడు. ఇంకా ఏమీ పెట్టలేదు కదా అన్నాను. కళ్ళు తెరిచి చూస్తే వేలి కొసన సూది ఉంది. ఏళ్ళ తరబడి మిషన్ల అదురు నరాలని తినేసిందట. పోయింది తిరిగి రాదన్నాడు. మానేస్తే ఉన్నది నిలుస్తుందన్నాడు. "ఇంకేదైనా పని చూసుకోండి" అని మామూలుగా అన్నాడు. నాకు ఇంకేం పని వచ్చు నట్టూ?

నువ్విచ్చిన శాండరుది తప్పు కాదు. దానికి ముందు నేను వాడిన మిషన్లన్నీ వరసగా నిలబెడితే మీ వీధి చాలదు. సామెత గురించి కూడా బాధపడకు. నువ్వు సరదాకే రాశావు. అది చదివితే నాకు కోపం రాలేదు. మద్దెల బాగానే ఉందని నాకప్పటికే అనుమానం ఉంది, అంతే. మిషనుదే తప్పని నువ్వు రాస్తావేమోనని ఆశపడ్డాను.

ఇప్పుడు నా రెండో అబద్ధం. పార్టీ ఎవరూ లేరు. బల్ల నీకే. పోయినసారి మీ వదిన నీ దగ్గరికి వచ్చినప్పుడు, నువ్వు కౌంటరు మీద స్క్రూల మధ్య పళ్ళెం పెట్టుకుని నిలబడి తింటున్నావని చెప్పింది. అది విన్నాకే నాన్న పని బల్ల విప్పేశాను. దాని పలకలు తిరగేసి, అంచులు కలిపి అతికాను. నీకు తెలిసిన వాసన అదే. ఆయన నూనె చేతులు తుడుచుకున్న చెక్క అది.

అరిచేత్తో తడిమితే గాజైనా ఇటుకైనా నాకు ఒకటే ఇప్పుడు. అందుకని నునుపు చూడడానికి చెంప ఆనిస్తున్నాను. గడ్డం గీసుకున్న రోజు బాగా తెలుస్తుంది. మీ వదిన ఒకసారి చూసి, పని మధ్యలో నిద్రపోతున్నాననుకుంది. అలా చెంపతో చూసుకుంటూ సగం పలక తెచ్చాను. మిగతా సగం నావల్ల కాలేదు. ఉన్నదున్నట్టుగా లారీలో పంపిస్తున్నాను.

మిషను నీ దగ్గరే ఉందిగా, నువ్వే పూర్తి చెయ్యి. మిషను బరువే చాలు, నీది వెయ్యకు. కాసేపు చేస్తే కాసేపు ఆపు. వేళ్ళు తిమ్మిరెక్కితే ఆ రోజుకి ఇక ముట్టకు. ఈ చివరిమాట నాన్న చెప్పింది కాదు, ఆయనకీ తెలియదు. నేను చెప్తున్నాను.

అన్నయ్య


రిపేరు కౌంటరు వెనక గది,
చలి మొదలైంది

అన్నయ్యా,

బల్ల చేరిన రోజే రెండు ముక్కలు రాసి పడేశాను గానీ, అసలు ఉత్తరం ఇదే. పని పూర్తయ్యాకే రాద్దామని ఆగాను.

మెట్ల మలుపులో బల్ల ఇరుక్కుంటే లారీ డ్రైవరూ, పక్క దుకాణం టైలరూ కలిసి తలకిందులు చేసి ఎక్కించారు. అప్పుడు అడుగుభాగం చూశాను. చెక్క కదలకుండా నాన్న కొట్టిన బిగింపు కట్టె మేకుల మచ్చలున్నాయి. నేను డ్రిల్లు పరీక్షించడానికి పొడిచిన చిల్లులున్నాయి. నాన్న కంటపడకుండా నువ్వు వాటిలో చెక్కముక్కలు కొట్టి పూడ్చి, పైన పొడీ జిగురూ కలిపి పూశావు, గుర్తుందా? ఇన్నేళ్ళైనా ఒక్కటీ ఊడలేదు. వేలితో తడిమితే గానీ ఎక్కడున్నాయో తెలియడం లేదు.

రోజూ కౌంటరు మూసే ముందు కొంచెం కొంచెం చేశాను. ఆ మిషను మీద నీ గుంటల్లో నా వేళ్ళు సరిగ్గా కూర్చోవు. రబ్బరు మార్చడం నాకు నిమిషం పని, మార్చలేదు. నువ్వు చెప్పినట్టే ఆపుతూ చేశాను, పిచ్చుకని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఒక్క సున్నా పడలేదు. చివర్లో నేను కూడా వంగి చెంప ఆనించాను. అరిచేతికి తెలియనివి చెంపకి తెలుస్తున్నాయి, ఈ పద్ధతి మొదట్నుంచీ ఉండాల్సింది. అంత చల్లటి చెక్క మీద చెంప పెట్టి నువ్వొక్కడివే షెడ్డులో ఎన్ని సాయంత్రాలు ఉన్నావో అనుకుంటే లేవాలనిపించలేదు.

నీకేం పని వచ్చని అడిగావు. మా కౌంటరుకి వచ్చేవాళ్ళలో సగంమందికి మిషను పట్టుకోవడం రాదు. నువ్వు పట్టుకోనక్కర్లేదు, పక్కన కూర్చుని వాళ్ళని తిట్టినా చాలు. ఇది దయతో అంటున్న మాట కాదు, నాకు నిజంగా ఓపిక ఉండడం లేదు. నువ్వు కాదంటావని తెలుసు. ఆలోచించుకుని కాదను.

ఒక సంగతి చెప్పాలా వద్దా అని ఇంతసేపూ తటపటాయించాను. మనం ఒకరికొకరం చెప్పుకున్న అబద్ధాలు చాలు గనక చెప్పేస్తున్నాను. నీ సగంలో, అంచుకి దగ్గరగా, బొటనవేలంత మేర గరుకు మిగిలిపోయింది. ఆ చోట నీ చెంప ఆని ఉండదు. నా జన్మలో నీ పనిలో గరుకు చూడడం ఇదే మొదలు. మిషను తీసుకుని దాని మీదికి వెళ్ళాను. స్విచ్చి కూడా వేశాను. మళ్ళీ ఆపేసి, గుడ్డతో పొడి తుడిచి, ఆ గరుకు మీదుగానే నూనె పట్టించేశాను. ఇక దాని మీద ఎవరూ మిషను పెట్టరు.

నువ్వూ వదినా వచ్చి ఈ బల్ల దగ్గర నాతో భోజనం చేసి వెళ్ళండి. స్టీలు గ్లాసులు తెచ్చుకోనక్కర్లేదు, నేనూ కొన్నాను. కిటికీ వైపు కుర్చీ మాత్రం నాది. అక్కడ కూర్చుని తింటుంటే నా ఎడమ మోచెయ్యి సరిగ్గా ఆ గరుకు మీదే ఆనుతుంది.

నీ నట్టు